పొడి తువ్వాలు

జూలై 9

ఒరే తమ్ముడూ,

నీ కూతుర్ని హాస్టల్లో దింపి ఇప్పుడే గదికొచ్చాను. ముందు నీకు రాసి తర్వాతే నడుం వాలుద్దామని కూర్చున్నాను. ఆ కొండల్లో ఫోను మోగదు, సరుకుల జీపు వారానికోసారి గానీ రాదు అన్నావు కాబట్టి ఈ తంటా. ఇంత పొడుగు ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో! తప్పులుంటే నోరు మూసుకుని చదువుకో.

పిల్ల బాగానే ఉంది. బాగా పొడుగైంది, మన నాన్న పోలికే. మాట మాత్రం తగ్గింది. ఏమడిగినా "ఊఁ", లేకపోతే "లేదత్తా". ప్రయాణం బడలిక అనుకున్నాను. నా దగ్గరే ఉండవే అంటే, మొదటి ఏడాది వాళ్ళు హాస్టల్లోనే ఉండాలని రూలట. కిటికీ పక్క మంచం దొరికింది. దుప్పటి నేనే పరిచాను.

నా ఉద్యోగం గురించి అడిగావు కదా. కాలేజీ ఆటల భవనంలో తువ్వాళ్ళ కౌంటరు. పదకొండేళ్ళుగా అదే కుర్చీ. కౌంటరుకి అటువైపు ఈత కొలను, కానీ మధ్యలో గోడ. నీళ్ళ చప్పుడు, ఈత మాస్టారి విజిలు వినపడతాయి తప్ప ఏమీ కనపడదు. చూడాలని నాకూ లేదు, నీళ్ళంటే నాకెంత భయమో నీకు తెలుసు.

ఈ ఏడు మాత్రం పని పెరిగింది. పోయినేడు పరీక్షల నెలలో ఇక్కడ ఒక పిల్లాడు ప్రాణం తీసుకున్నాడు. ఎవరికీ ముందు తెలియలేదు. దాంతో పెద్దలంతా కూర్చుని "ఊపిరి గంట" అని ఒకటి పెట్టారు. ప్రతి పిల్లా పిల్లాడూ వారానికి మూడు గంటలు ఆటల భవనానికి రావాలి. ఈతో, పరుగో, బంతాటో, ఏదో ఒకటి. ఒళ్ళు కదిలితే మనసూ తేలికపడుతుందని. ఎవరు వచ్చారో రాసేది నేనే. నా దగ్గర తువ్వాలు తీసుకుంటే వచ్చినట్టు, పేరు పక్కన టిక్కు. మూడు టిక్కులకన్నా తగ్గినవాళ్ళ పేర్లు డాక్టరమ్మకి వెళ్తాయి. ఆవిడ పిలిచి కూర్చోబెట్టి మాట్లాడుతుంది. మంచి పనే అనిపించింది.

మన పిల్లకి నలభై ఒకటో నంబరు తువ్వాలు ఇచ్చాను. అంచున ఎర్రదారంతో కుట్టి ఉంటుంది. నువ్వేం దిగులు పెట్టుకోకు.

మీ అక్క

జూలై 21

అక్కా,

నీ ఉత్తరం చదివి గుండెల మీద బరువు దిగింది. ఇక్కడ నా పని చెప్తే నవ్వుతావు. సొరంగంలో బండ పేల్చి, పొగ పోయాక, మిగతావాళ్ళకంటే ముందు నేను లోపలికెళ్ళి ఇనప కడ్డీతో పైకప్పు తట్టి చూడాలి. గట్టిగా మోగితే సరే. గుల్లగా మోగితే ఎవర్నీ రానివ్వను. అందరూ నన్ను "చెవులాయన" అంటారు.

మీ మరదలు పోయి రెండు నెలలన్నా కాకముందే ఇక్కడికొచ్చేశానని నీ కోపం నాకు తెలుసు. ఆ ఇంట్లో ఉండలేకపోయానక్కా. అంతే.

మన పిల్ల, నా చేపపిల్ల, ఈత మానకుండా చూడు, నేను అడిగేది అదొక్కటే. తొమ్మిదో ఏట నుంచి నీళ్ళలోనే పెరిగింది. ఈదుతోందంటే బాగున్నట్టే. దానికి రాస్తే "బాగున్నాను నాన్నా" అని ఒక్క లైను రాస్తుంది. నువ్వు కళ్ళారా చూసి నాలుగు మాటలు రాయక్కా.

తమ్ముడు

ఆగస్టు 11

ఒరే చెవులాయనా,

నీ కూతురు వారానికి ఆరు రోజులు వస్తోంది! మూడు చాలంటే ఆరు! పొద్దున ఆరు కొట్టేసరికి కౌంటరు ముందు ఉంటుంది. "అత్తా, తువ్వాలు" అంటుంది. ఇస్తాను. గంటయ్యాక బయటికొస్తుంది. మాస్టారు నోటీసు బోర్డులో ఎక్కువసార్లు వచ్చినవాళ్ళ పేర్లు పెడితే పైన మనదే. నేను ఆ బోర్డు ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచాను, ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను.

కళ్ళారా చూడమన్నావుగా, విను. నీళ్ళలో దిగిందంటే చేపపిల్లే. ఈ చివర మునిగి ఆ చివర తేలుతుంది. మాస్టారు విజిలు నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయి చూస్తుంటాడు. భుజాలు కూడా గట్టిపడ్డాయి. చాలా? తృప్తేనా?

నువ్వు వేళకి తింటున్నావా? తడి బట్టలతో తిరగకు. నీకు చిన్నప్పటినుంచీ ఊపిరితిత్తులు అంతంత మాత్రం.

మీ అక్క

ఆగస్టు 25

అక్కా,

నువ్వు రాసింది నలుగురికీ చదివి వినిపించాను. మాస్టారు విజిలు ఊదడం మర్చిపోయిన ముక్క రెండుసార్లు చదివించుకున్నారు. ఆ ముక్కే నా అక్షరాలతో చేపపిల్లకీ రాశాను, "మీ అత్త చూసి మురిసిపోతోందే" అని. జవాబు ఇంకా రాలేదు. చదువులో మునిగిందేమో.

ఆ ఒక్క ఉత్తరం అందినప్పటి నుంచీ కంటినిండా నిద్ర పడుతోందక్కా. నీ రుణం తీర్చుకోలేను.

తమ్ముడు

సెప్టెంబరు 14

తమ్ముడూ,

రెండు ముక్కలే రాస్తున్నాను, తువ్వాళ్ళు లెక్క చూసుకోవాలి.

పిల్ల కాస్త చిక్కింది. "ఏమే, సరిగ్గా తింటున్నావా?" అంటే "ఊఁ" అంది. అంత ఈదితే చిక్కదూ మరి! అరటిపళ్ళు ఇస్తే తీసుకుంది. పోయిన వారం కౌంటరు దగ్గర ఒక నిమిషం ఎక్కువ నిలబడి, "అత్తా, నాన్నకి నువ్వు రాసేవన్నీ..." అని ఆగిపోయింది. వెనక జనం ఉన్నారు. "అవునే, అన్నీ మంచివే రాస్తున్నాలే, వెళ్ళు" అన్నాను. నా మొహం ఒకసారి చూసి వెళ్ళిపోయింది. నీ పొగడ్తలకి సిగ్గుపడుతోంది కాబోలు.

మీ అక్క

సెప్టెంబరు 28

తమ్ముడూ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

లాండ్రీ తాత అని ఒకాయన ఉన్నాడు. వాడేసిన తువ్వాళ్ళు గోడవతల బుట్టలో వేస్తే ఉతికి, ఆరబెట్టి, నా అరల్లో సర్దుతాడు. నిన్న టీ తాగుతూ అన్నాడు: "నలభై ఒకటో నంబరు పిల్ల బంగారమమ్మా. నాకు పని పెట్టదు. వచ్చినకాడి నుంచీ ఆ తువ్వాలు తడవలేదు. నాలుగు మడతలు పెట్టి బుట్టలో పైన ఉంచుతుంది. ముట్టుకుంటే ఇస్త్రీ చేసినంత వెచ్చగా ఉంటుంది. పొడిదాన్ని ఉతకడమెందుకని అలాగే నీ అరలో పెట్టేస్తున్నా."

నా చేతిలో టీ చల్లారిపోయింది.

ఇంక నీకు దాచేది లేదు. నీ కూతురు ఈదడం నేను ఒక్కరోజు కూడా చూడలేదురా. గోడవతలికి నేను వెళ్ళనే లేదు. చప్పుడు విన్నాను, టిక్కు పెట్టాను, నువ్వు అడిగావని కథ అల్లాను. మాస్టారు, విజిలు, అన్నీ నా నోటికొచ్చినవే. నీకు నిద్ర పట్టాలని రాశాను.

ఇవాళ పొద్దున కౌంటరు వదిలేసి తలుపు తోసుకుని వెళ్ళాను. పదకొండేళ్ళలో మొదటిసారి. పెద్ద కొలను, పక్కన చూసేవాళ్ళు కూర్చోవడానికి మెట్లు. పిల్ల పైనుంచి రెండో మెట్టు మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఈత బట్టల మీద స్వెట్టరు. తువ్వాలు ఆ స్వెట్టరు లోపల పొట్టకి అదిమిపెట్టుకుని, రెండు చేతులూ చుట్టుకుని, నీళ్ళకేసి చూస్తోంది. గంటసేపూ అంతే. తలుపు సందులోంచి చూస్తూ నేనూ అలాగే నిలబడ్డాను. విజిలు మోగాక తువ్వాలు తీసి, మడతపెట్టి, బుట్టలో ఉంచింది.

నేను పరుగెత్తుకొచ్చి కుర్చీలో కూర్చున్నాను. పెన్ను చేతిలో ఉంది. టిక్కు పెట్టేశాను, చూడు నా బుద్ధి!

రానివాళ్ళ పేర్లే డాక్టరమ్మకి వెళ్తాయి. ఇది రోజూ వస్తోంది కాబట్టి ఎవరూ దీన్ని పిలవలేదు. ఆ తువ్వాలు ఎందుకలా పట్టుకుంటోందో నాకు అర్థం కావడం లేదు. అడగాలంటే భయమేస్తోంది. ఏం చెయ్యమంటావో రాయి. తిట్టాలనుకుంటే తిట్టు, పడతాను.

అక్క

సెప్టెంబరు 29

అక్కా,

జీపు డ్రైవరు హారను కొడుతున్నాడు, గబగబా రాస్తున్నాను. చేపపిల్లకి ఈత కళ్ళద్దాలు కొని కాలేజీ చిరునామాకి పంపించాను, నీలం రంగువి. కాలేజీల మధ్య ఈత పోటీలు ఉంటాయట కదా, దానికి సెలవు పెట్టుకుని వస్తాను, మెట్ల మీద కూర్చుని చూస్తానని కూడా రాశాను. వాళ్ళమ్మ కూర్చునేది కదా, ఈసారి నేను కూర్చుంటాను. నువ్వూ నా పక్కన కూర్చోవాలి. వద్దంటే ఊరుకోను.

తమ్ముడు

అక్టోబరు 6

తమ్ముడూ,

నా ఉత్తరం నీకు చేరకముందే నీ కళ్ళద్దాలు వచ్చాయి.

మొన్న ఆరింటికి పిల్ల వచ్చి తువ్వాలు అడగలేదు. ఆ డబ్బా కౌంటరు మీద పెట్టింది. "అత్తా, నాన్న పోటీలకి వస్తాడట. ఇప్పుడేం రాస్తావు?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

నేను టిక్కుల పుస్తకం మూసేశాను. అదే చెప్పింది. "నాన్న నాకు రాసినప్పుడు నీకు అన్నీ తెలుసు అనుకున్నాను అత్తా. నేను మెట్ల మీద కూర్చుంటున్నానని తెలిసే, నా కోసం నాన్నకి అబద్ధం రాస్తున్నావనుకున్నాను. దాని గురించి మాట్లాడటం నీకు ఇష్టం లేదేమో అనుకున్నాను. ఒకసారి అడుగుదామని వస్తే, అన్నీ మంచివే రాస్తున్నా వెళ్ళు అన్నావు. అయినా రోజూ వచ్చాను. ఏదో ఒకరోజు కుర్చీలోంచి లేచి ఇటు వస్తావేమోనని."

నేను అనుకున్నదేమిటి, అది అనుకున్నదేమిటి! మూడు నెలలు రోజూ ఎదురెదురుగా నిలబడి ఇంత చేసుకున్నాం.

ఇంకో మాట కూడా అంది, రాయకుండా ఉండలేను. "ఈమధ్య లోతు వైపే చూస్తూ కూర్చుంటున్నాను అత్తా. అందులోకి వెళ్ళి ఇంక పైకి రాకపోతే బాగుండు అనిపిస్తోంది" అంది. అరటిపళ్ళు బాగున్నాయి అన్నంత మామూలుగా అంది తమ్ముడూ.

కౌంటరు షట్టరు దించేశాను. వెనక ఇరవైమంది నిలబడ్డారు, నిలబడనీ అనుకున్నాను. చెయ్యి పట్టుకుని సరాసరి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ రెండు గంటలు మాట్లాడింది. ఒంటరిగా వదలొద్దు, రోజూ తన దగ్గరికి తీసుకురమ్మంది. రూలు గీలు నాకు చెప్పొద్దని హాస్టలు ఆవిడతో పోట్లాడి నా గదికి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా మంచం మీదే పడుకుని ఉంది. నేను కింద చాప వేసుకున్నాను.

మీ ఆఫీసులో వైర్‌లెస్ ఉందన్నావుగా, కబురు పెట్టించాను. అందిందో లేదో తెలియదు. నువ్వు రా. పోటీల కోసం కాదు, రా.

అక్క

అక్టోబరు 11

అక్కా,

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి అందాయి, కబురూ అందింది. బయల్దేరి కొండ దిగేసరికి కింద రోడ్డు కూలి ఉంది. ఉత్తరాల సంచి తాడు మీద దాటిస్తున్నారు, మనిషిని మాత్రం దాటనివ్వడం లేదు. ఇంజినీరు కాలర్ పట్టుకున్నాను. పదిరోజులన్నాడు.

మొదటి ఉత్తరం చదివి నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నిన్ను నమ్మి పంపిస్తే కుర్చీలోంచి లేవలేకపోయావా అని నీకొక ఉత్తరం రాశాను. పంపలేదు, చించేశాను. నేను నిన్ను ఏం అడిగాను? ఈదుతోందా అని అడిగాను. ఎలా ఉందని ఎప్పుడైనా అడిగానా? దానికి నేను రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఈతే. బండని తట్టి గుల్లో గట్టో చెప్తానని ఇంతమందిలో పేరు తెచ్చుకున్నాను. నా కూతురు రాసిన ఆ ఒక్క లైను ఎలా మోగుతోందో వినలేదు. వినదలుచుకోలేదక్కా, అదీ నిజం. అది బాగుందనుకుంటే నేను ఇక్కడే ఉండిపోవచ్చు కదా.

ఆ తువ్వాలు సంగతి నాకు తెలుసు. నీకు తెలిసే దారి లేదు.

దానికి తొమ్మిదేళ్ళప్పుడు ఈతకి చేర్పించాం. చలికాలం పొద్దున్నే నీళ్ళలోంచి వస్తే గజగజా వణికేది. మీ మరదలు మెట్ల మీద కూర్చుని, తువ్వాలు స్వెట్టరు లోపల పొట్టకి ఆనించి పెట్టుకునేది. గంటసేపూ అలాగే. పిల్ల పరుగెత్తుకు రాగానే తీసి చుట్టేది. వెచ్చగా ఉండేది. ఎన్నేళ్ళు చేసిందో! ఆస్పత్రిలో చేరేముందు రోజు దాకా చేసింది. నేను వాచీ పట్టుకుని ఎన్ని సెకన్లో చూసేవాణ్ణి.

అది వాళ్ళమ్మ చోట్లో కూర్చుంటోందక్కా. తువ్వాలు వెచ్చబెడుతోంది, నీళ్ళలోంచి ఎవరూ రావడం లేదు. ఇంతకన్నా రాయలేను.

నువ్వు ఏమీ దాచకు. చిన్నదైనా పెద్దదైనా చూసింది చూసినట్టు రాయి. కళ్ళద్దాలు ఎక్కడైనా పారెయ్యి.

తమ్ముడు

అక్టోబరు 23

తమ్ముడూ,

నీ ఉత్తరం నేను ఒక్కదాన్నే చదువుకున్నాను. దానికి చూపించనా వద్దా అని ఒక పూటంతా కొట్టుకుని, చూపించాను. చదివి, మడిచి, నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. నేను "ఊరుకో" అనలేదు.

తర్వాతి రోజు నుంచి కౌంటరు లాండ్రీ తాతకి అప్పజెప్పి, ఆ గంట నేనూ మెట్ల మీదే కూర్చుంటున్నాను. మాస్టారు ముందు కుదరదన్నాడు. "పేరు పక్కన టిక్కు పెట్టిన పాపం నాది, విజిలు ఊదిన పాపం నీది, నోరెత్తకు" అన్నాను. ఎత్తలేదు. ఇప్పుడు తనూ మెట్ల మీదున్న పిల్లల దగ్గరికెళ్ళి పలకరిస్తున్నాడు. మనదొక్కతే కాదు, పొడి తువ్వాళ్ళు ఇంకా మూడున్నాయని తాత చెప్పాడు. ఆ పేర్లు కూడా డాక్టరమ్మకి ఇచ్చాను.

మొదటిరోజు నేనూ ఒక తువ్వాలు స్వెట్టరులో దూర్చుకున్నాను. మెడ దగ్గర్నుంచి దూర్చాను. అది ఓరగా చూసి, "అలా కాదత్తా, కింది నుంచి పెట్టుకోవాలి, లేకపోతే జారిపోతుంది" అంది. ఆ కళ్ళద్దాల రోజు తర్వాత నేను అడక్కుండా అది చెప్పిన మొదటి సంగతి. సరిగ్గా పెట్టుకున్నాను. గంటసేపు ఇద్దరం అలా కూర్చున్నాం.

నిన్న "నువ్వు ఎప్పుడూ నీళ్ళలో దిగలేదా అత్తా?" అని అడిగింది. లేదన్నాను. "దిగవా?" అంది. నాకెంత భయమో తెలుసు కదా. అయినా అది ఏదైనా అడిగి ఎన్నాళ్ళయింది! ఎవరివో ఈత బట్టలు అరువు తెచ్చుకుని, రైలింగు పట్టుకుని, నడుంలోతు దాకా దిగాను. నీళ్ళు మంచులా ఉన్నాయి. కెవ్వున అరిచాను. మాస్టారి నోట్లోంచి విజిలు జారి నీళ్ళలో పడింది. ఇది అల్లింది కాదురా, నిజంగా పడింది.

వణుకుతూ మెట్లెక్కాను. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అది లేచి నిలబడింది. స్వెట్టరులోంచి తువ్వాలు తీయబోయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తీసి నా భుజాల చుట్టూ చుట్టి, మెడ కింద దగ్గరికి లాగి పట్టుకుంది. వెచ్చగా ఉంది తమ్ముడూ. మా మరదలే వచ్చి చుట్టినట్టుంది. నేను ఏడ్చాను. అది నా జుట్టు తుడుస్తూ, "రేపు కూడా దిగుతావా?" అని అడిగింది. దిగుతానన్నాను.

డాక్టరమ్మ ఇంకా చాలా రోజులు పడుతుందంది. నిన్న రెండు పూటలా తింది, ఇవాళ పొద్దున తినలేదు. ఒకసారి నవ్వింది, అదీ నా అరుపుకి. లోతు వైపు చూడటం తగ్గింది కానీ మానలేదు. అందుకే నేను దానికి ఆ వైపే కూర్చుంటున్నాను.

రోడ్డు తెరిచారని విన్నాను. వచ్చేటప్పుడు వాచీ పెట్టుకురాకు.

నలభై ఒకటో నంబరు తువ్వాలు నిన్న మొదటిసారి తడిసింది. నన్ను తుడిచి తడిసింది. పిల్ల ఇంకా నీళ్ళలో దిగలేదు. చూసిందే రాస్తున్నాను.

అక్క